దొరల బడిలో చిన్న తలుపు

కాలింగ్ కార్డు నంబర్లు నొక్కి ఇంటికి ఫోన్ చేసే ఆ రోజుల్లో, ఇరవై మూడేళ్ల నాకు చేతకాని పని లోకంలో లేదనిపించేది. ఎమ్మెస్ చదవడానికి ఇలినాయ్‌లో ఓ చిన్న ఊరికి వచ్చి రెండు నెలలైంది. మా క్యాంపస్‌లో ఓ పాత ఎర్ర ఇటుకల భవనం ఉండేది. ఒకప్పుడది గొప్పింటి మగపిల్లల కోసం కట్టిన బడి. మా తెలుగువాళ్లం 'దొరల బడి' అనేవాళ్లం. (అమెరికాలో దొరలెక్కడున్నారని అడక్కండి. సొంత గుర్రంతో బడికొచ్చిన పిల్లల్ని ఇంకేమంటాం?) లోపల ఓ బుల్లి నాటకశాల. దాన్ని సామాన్ల గదిగా మార్చాలా వద్దా తేల్చడానికి కమిటీ వస్తోందనీ, రోజూ చరిత్ర చెప్పే గైడ్‌కి గొంతు పోయింది కాబట్టి, అక్కడ పార్ట్‌టైమ్ పనికి కొత్తగా చేరిన నేనే చెప్పాలనీ ఆ భవనం చూసుకునే మేనేజరమ్మ అంది.

"టెన్షన్ ఎందుకురా, బట్టీ కొట్టుడే గదా!" అన్నాడు మా వరంగల్ రూమ్మేట్. కొట్టాను, నాలుగు పేజీలూ.

కమిటీలో ఐదుగురు. మెట్ల దగ్గరా, లైబ్రరీలోనూ గడగడా అప్పజెప్పేశాను. నాటకశాలలోకి రాగానే చేతికర్ర పట్టుకున్న ఓ పెద్దాయన స్టేజీ కింది చిన్న తలుపు చూపించి, "ఇదెందుకు?" అన్నాడు. అది నా నాలుగు పేజీల్లో లేదు!

"అదా సార్... పేరెంట్స్ కంప్లైంట్లతో వస్తే హెడ్మాస్టర్ దాక్కోవడానికి!" అన్నాను. (నా నోటికి ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ అంతుపట్టదు.) మేనేజరమ్మ కళ్లు మూసుకుంది.

పెద్దాయన కుర్చీలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "బాబూ, నేనిక్కడే చదివాను. అది డైలాగులు అందించే ప్రాంప్టర్ కూర్చునే చోటు. పదేళ్లప్పుడు బడి నాటకంలో నాకు ఎంత అందించినా నోరు పెగల్లేదు. ఏడుస్తూ ఆ తలుపులోంచే పారిపోయాను."

"తర్వాతేమైంది సార్?" అన్నాను, చరిత్ర చెప్పాల్సినవాణ్ణి.

"మర్నాడు టీచర్ మళ్లీ స్టేజీ ఎక్కించింది. ఆ తర్వాత నలభై ఏళ్లు కోర్టులో వాదించాను."

కర్ర పక్కన పెట్టి, మెల్లగా స్టేజీ ఎక్కి, ఆనాడు మింగేసిన డైలాగు మొత్తం చెప్పాడు. మిగతా నలుగురూ లేచి చప్పట్లు కొట్టారు. సామాన్ల గది మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మరుసటి ఉగాదికి మా తెలుగు నాటకం అక్కడే వేశాం. పెద్దాయన ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన కూర్చుని ఇంగ్లీషులో అర్థం చెప్పింది నేనే. (సగం నా సొంత కల్పనే. ఆయన నవ్వింది ఎక్కువగా ఆ సగానికే.)

ఇప్పుడు నేనుంటున్న టెక్సాస్‌లోని కాపెల్‌లో, ఆఫీసు మీటింగుల్లో, తెలియనిదాన్ని తెలియదనే చెబుతున్నాను. నిజాయితీ బాగానే పెరిగింది. కానీ నా జవాబు విని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేవాళ్లే కనిపించడం లేదు.