రాజోలు సూర్యకుమారిగారి ‘ఐ డోంట్ థింక్ సో’

రాజోలు సూర్యకుమారిగారు ఒకే ఒక్క ఇంగ్లీషు ముక్కతో, రెండు వేల కొబ్బరికాయలున్న వ్యాన్‌ను డ్రైవరు లేకుండా వెనక్కి నడిపించారు. “ఐ డోంట్ థింక్ సో” అని ఆవిడ నోట్లోంచి రాగానే గేరు దానంతటదే రివర్సులో పడిందట. వ్యాన్ వీధి చివరిదాకా వెళ్లి, మలుపు దగ్గర మర్యాదగా ఇండికేటర్ కూడా వేసిందట. కళ్లారా చూసినవాళ్లు ఏడుగురు. ఊళ్లో ప్రత్యక్షసాక్షులు మాత్రం ఇప్పటికి రెండొందలు దాటారు.

ఇంతా చేసి ఆవిడ చదివింది ఎనిమిదో తరగతి. అదీ రెండుసార్లు. భర్త కృష్ణమూర్తిగారు పోయాక మస్కట్ వెళ్లి ఒక ఇంట్లో పదకొండేళ్లు వంట చేశారు. తిరిగొచ్చి డాబా మీద ఒక రేకుల గది వేయించుకున్నారు. కింద వాటాలో బావగారు, అంటే కృష్ణమూర్తిగారి అన్నగారు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు ఉంటారు. ఆ పేరు పూర్తిగా పిలిచేలోగా రెండు కాయలు ఒలిచి పక్కన పెట్టొచ్చు. ఆయనది కొబ్బరి వ్యాపారం. కింద ఆయన కాయలకి పీచు తీస్తుంటే, పైన ఈవిడ గల్ఫ్ వెళ్లేవాళ్లకి బెరుకు తీస్తుంటారు.

పైన గదిలో నల్లరంగు పూసిన పాత తలుపు ఒకటి గోడకి ఆనించి ఉంటుంది. అదే బ్లాక్‌బోర్డు. అమలాపురంలో ఇంగ్లీషు నేర్పేవాళ్లు పన్నెండు టెన్సులు చెబుతారు. ఈవిడ నాలుగు వాక్యాలే చెబుతారు. ఐ థింక్ సో. ఐ డోంట్ థింక్ సో. ఐ హోప్ సో. ఐ హోప్ నాట్. ఈ నాలుగూ వస్తే విమానం ఎక్కొచ్చు, రాకపోతే ఓడలరేవు బస్సు కూడా ఎక్కొద్దని ఆవిడ సిద్ధాంతం.

ఈ సిద్ధాంతం ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఆవిడ క్లాసులో పావుగంట కూర్చోవాలి. ఓడలరేవు ఫిలిప్‌కి నలభై ఏళ్లు. లారీ తోలతాడు. దోహాలో బస్సు డ్రైవరుగా వెళ్లాలని చూస్తున్నాడు.

“గేటు తాళం వేశావా అని దొరగారు అడిగేరనుకో. ఏమంటావు ఫిలిప్పూ?”

“యస్ సార్ అంటానండి.”

“వేశావా మరి?”

“గుర్తు లేదండి.”

“గుర్తు లేనిదానికి యస్ ఏంటయ్యా?”

“పెద్దోరు నోరు తెరిచి అడిగేరు కదండీ. లేదంటే ఏం బాగుంటాదండి?”

అదీ జబ్బు. ఈ చుట్టుపక్కల ఎవర్ని ఏది అడిగినా ముందు “ఆయ్”, అంటే అలాగేనండి, అనేస్తారు, తరవాత ఆలోచిస్తారు. నీ ఇల్లు తగలబడుతోంది అని చెప్పినా “ఆయ్, కూర్చోండి, మంచినీళ్లు తాగండి” అనే మనుషులు. ఆ మర్యాదను అలాగే సూట్‌కేసులో పెట్టుకుని గల్ఫ్‌లో దిగితే, క్రేను తోలగలవా అంటే యస్, అరబ్బీ చదవగలవా అంటే యస్, నిన్న చెప్పిన పని చేశావా అంటే మరీ పెద్ద యస్.

“పోనీ, నో అనేస్తే సరిపోదాండి?” అంది భవానీదేవి. ఆమె కువైట్‌లో వంటకి వెళ్లబోతోంది.

“అనగలవా?”

భవానీదేవి చీర కొంగు మడతలు పెట్టింది, విప్పింది. “మొహమ్మీద ఎలాగండి...”

“అందుకే ఇది. నాకు తెలిసినంతలో అవును. నాకైతే అలా అనిపించట్లేదు. అలా అయితే బాగుణ్ను. అలా కాకపోతే బాగుణ్ను. ఇవండీ ఆ నాలుగూ. అబద్ధం ఉండదు, అవతలి మనిషి నొచ్చుకోడు.”

బోర్డు మీద ఐ థింక్ సో అని రాసి, చివర్లో సో చుట్టూ సున్నా చుట్టి ఆవిడ ఇంకో మాట కూడా చెబుతారు. “ఐ థింక్ అని ఆగిపోకండి. విస్తట్లో అన్నం పెట్టి కూర వెయ్యకుండా వెళ్లిపోయినట్టుంటాది. అవతలాయన చెయ్యి గాల్లో పెట్టుకుని చూస్తా ఉంటాడు. వెనకాల ఆ సో పడాలి. కాదని చెప్పేటప్పుడు మాత్రం ఆ నాట్ అనేది థింక్‌కి ముందు వస్తాది, హోప్‌కి వెనకాల వస్తాది. ఎందుకని అడక్కండి. మా మస్కట్ మేడమే చెప్పలేదు.”

ఆ మస్కట్ మేడమ్ దగ్గరే ఆవిడ ఇదంతా నేర్చుకున్నారు. వెళ్లిన కొత్తలో ఒకరోజు మేడమ్ వెనక గేటు వేశావా అని అడిగింది. ఈవిడ అలవాటు కొద్దీ యస్ మేడమ్ అన్నారు. గేటు బార్లా తెరిచి ఉంది. రాజోలులో చెప్పుకునే ప్రకారం అందులోంచి ఒక ఒంటె నడిచొచ్చి, తోట మొత్తం మేసి, వంటింట్లో పులిహోర గిన్నె ఖాళీ చేసి, ఇంకొంచెం పెట్టమని మూతి చాపింది. మేడమ్ తిట్టలేదు. కూర్చోబెట్టి ఈ నాలుగు వాక్యాలూ నేర్పి, “తెలియనిది తెలియదని చెబితే నిన్నెవరూ కొట్టరు” అంది.

అలాంటి గురువుగారికి గండం ఇంట్లోనే ఉంది.

ఓ ఆదివారం పొద్దున్న బావగారు మెట్లెక్కి వచ్చారు. కాఫీ తాగారు. రేకులకేసి చూశారు, గోడలకేసి చూశారు, బోర్డుకేసి మాత్రం చూడలేదు.

“అమ్మాయ్, కింద అటకలు నిండిపోయేయి. ఓ రెండు వేల కాయ ఈ గదిలో పోయిస్తాను. కురిడీకి రేకుల వేడి భలే పట్టుద్ది. రెండు నెలలే.”

కురిడీ అంటే కాయలో నీరంతా ఇంకి, లోపల కొబ్బరి ఎండి గుండులా ఆడాలి. దానికి ఏడాది పడుతుంది. రెండు నెలల కురిడీ అనేది భూమ్మీద లేదని కొబ్బరి ఊళ్లో పుట్టిన ప్రతివాళ్లకీ తెలుసు. పోసిన కాయ మధ్యలో దించరు. అంటే క్లాసు ఏడాది మూత. ఫిలిప్‌కి ఇంటర్వ్యూ ఇంకా ఎనిమిది రోజుల్లో ఉంది.

సూర్యకుమారిగారికి ఇదంతా ఒక్క క్షణంలో తట్టింది. నోరు తెరిచారు.

“ఆయ్, బావగారూ,” అన్నారు.

ఆయన గ్లాసు కింద పెట్టి, గురువారం వ్యాన్ వస్తుందని చెప్పి దిగిపోయారు.

ఆ తరవాత నాలుగు రోజులు ఆవిడ తనను తాను తిట్టుకున్న తిట్లు ఏ టెన్సులోనూ ఇమడవు. పాతికేళ్లుగా బావగారు ఏదడిగినా ఆవిడ దగ్గర ఉన్నది అదొక్క ముక్కే. పెరట్లో బాదం చెట్టు కొట్టేస్తానంటే ఆయ్. కృష్ణమూర్తిగారి సైకిల్ పట్టుకెళ్తానంటే ఆయ్. ఊరందరికీ కాదనడం నేర్పుతున్న మనిషికి సొంత మెట్ల మీద నోరు పెగల్లేదు. గిన్నెలు తోముతూ, “ఐ డోంట్ థింక్ సో బావగారూ” అని సాధన చేశారు. గిన్నెల ముందు బ్రహ్మాండంగా వచ్చింది. బుధవారం సాయంత్రం ఆయన వరండాలో కనిపించగానే “వాన పడేలా ఉందండి” అని లోపలికొచ్చేశారు.

గురువారం పదకొండింటికి వ్యాన్ వచ్చింది. పైన క్లాసు నడుస్తోంది. జట్టు కూలీలు బుట్టలు దించారు. బావగారు మెట్ల కింద నిలబడి, “అమ్మాయ్, పిల్లల్ని లెగమను. బల్లలు బయట పెట్టించు,” అని కేకేశారు. పిల్లలంటే అందరూ నలభైకి అటూ ఇటూ ఉన్నవాళ్లే.

ఫిలిప్ లేచి బల్ల పట్టుకున్నాడు. పెద్దాయన చెప్పేరు కదా మరి. భవానీదేవి రెండో కొస పట్టుకుంది. ఆ బల్ల గాల్లోకి లేవడం సూర్యకుమారిగారు చూశారు. పదిహేను వారాలు నేర్పింది ఆ బల్లతో పాటే బయటికి పోతోంది.

“దించండి,” అన్నారు. వాళ్లు దించారు. ఆవిడ చేతికున్న సుద్దపొడి దులుపుకోకుండానే మెట్ల దగ్గరికి వెళ్లి, ఏదో అన్నారు.

ఇక్కణ్నుంచి చరిత్ర పలు విధాలు. పాల కేంద్రం వాళ్ల ప్రకారం అమెరికా యాసలో అన్నారు. బస్టాండు వాళ్ల ప్రకారం అరబ్బీ కూడా కలిపారు. బావగారు మూడు మెట్లు జారారనీ, ఆయన పేరులో సగం అక్షరాలు అక్కడే రాలిపోయాయనీ, అప్పట్నుంచీ ఒట్టి రావుగారేననీ కూడా అంటారు. అందరూ ఒప్పుకునేది ఒకటే: కాయలు పైకి ఎక్కలేదు. వాడపల్లి రోడ్డులో ఎవరిదో ఖాళీ కొట్టం అద్దెకు తీసుకున్నారు. బావగారు పది రోజులు మాట్లాడలేదు. పదకొండో రోజు కాఫీకి పైకొచ్చి, “గది ఖాళీ ఉంటాదేమో అని అడిగేనంతే,” అన్నారు.

ఆ పదిరోజుల్లోనే ఫిలిప్ ఇంటర్వ్యూ అయింది, ఆ గదిలోనే, ఫోన్‌లో. క్రేను తోలతావా అని అడిగారు. ఫిలిప్‌కి యస్ నాలిక చివరిదాకా వచ్చింది. సూర్యకుమారిగారి వైపు చూశాడు. ఆవిడ కిటికీలోంచి చూస్తున్నారు. “ఐ డోంట్ థింక్ సో సార్,” అన్నాడు. మరి బస్సు? “ఐ థింక్ సో సార్. ట్వెల్వ్ ఇయర్స్ లారీ సార్.” నిజం చెప్పేవాడు దొరికాడని అవతలాయన నవ్వాడట. వీసా వచ్చింది.

ఇప్పుడు రాజోలులో కాదనాల్సి వస్తే ఎవరూ నీళ్లు నమలడం లేదు. పెళ్లి సంబంధం దగ్గర్నుంచి అరువు సైకిల్ దాకా “ఐ డోంట్ థింక్ సో అండీ” అంటున్నారు. ఇంగ్లీషులో అన్నారు కాబట్టి అవతలివాళ్లు నొచ్చుకోవడం లేదు, మళ్లీ మర్యాదగా “ఆయ్” అంటున్నారు.

దోహా వెళ్లేముందు ఫిలిప్ స్వీట్ల పెట్టెతో వచ్చి, ఈ కథంతా, వ్యాన్ ఇండికేటర్‌తో సహా, కొత్త బ్యాచ్‌కి చేతులు ఊపుతూ వినిపించాడు. సూర్యకుమారిగారు బోర్డు తుడుస్తూ చివరిదాకా విన్నారు.

“వ్యాన్‌లో డ్రైవరున్నాడయ్యా, మన పాల కేంద్రం అప్పాయమ్మ అల్లుడే. మస్కట్‌లో వచ్చింది ఒంటె కాదు, మేక. ఆ రోజు మెట్ల మీద ఇంగ్లీషు ఒక్క ముక్క గుర్తు రాలేదు నాకు. ‘గది ఇవ్వను బావగారూ’ అన్నాను. తెలుగులోనే. కూర్చోండి, పుస్తకాలు తియ్యండి.”