కాశీకి మూడు అవార్డు టికెట్లు

కరోనాకు నాలుగైదేళ్ళ ముందు ఒక వేసవిలో మా ట్రావెల్ ఏజెన్సీ పాతబస్తీలో కొత్త శాఖ తెరిచి, నన్ను అక్కడ టికెటింగ్ ఇన్‌ఛార్జిగా వేసింది. అప్పటిదాకా హెడ్డాఫీసులో పెద్ద కంపెనీల ప్రయాణాలు చూసేదాన్ని. మాది తెనాలి వైపు. మలక్‌పేటలో ఎన్నో ఏళ్ళుగా కాపురం ఉంటున్నా, గాజులు కొనడానికి తప్ప చార్మినార్ వైపు వెళ్ళిన మనిషిని కాను. కొత్త ఆఫీసు గుల్జార్ హౌజ్ దగ్గర, ఒక అత్తరు దుకాణం పైన. మెట్లెక్కి వచ్చేసరికి ప్రతివాళ్ళ మీదా కాస్త అత్తరు వాసన ఉండేది.

టికెటింగ్ ఇన్‌ఛార్జి పని టికెట్లు కొట్టడమే అనుకుంటారు చాలామంది. టికెట్ మార్చడం, రద్దు చేయడం, డబ్బు వెనక్కి రాబట్టడం, తరచూ ఎగిరేవాళ్ళ పాయింట్ల సంగతి చూడడం, అన్నీ ఆ కుర్చీవే. పాయింట్లంటే తెలియనివాళ్ళకు చెబుతాను. ఒకే విమాన సంస్థలో మళ్ళీ మళ్ళీ ప్రయాణిస్తే, వాళ్ళు సభ్యత్వ నంబరు ఇచ్చి, ఎగిరిన ప్రతిసారీ కొన్ని పాయింట్లు జమ చేస్తారు. తగినన్ని పోగయ్యాక వాటితో టికెట్ తీసుకోవచ్చు. దాన్ని అవార్డు టికెట్ అంటాం. పన్నులు మాత్రం మనమే కట్టాలి. అందుకని పాయింట్లు వాడేముందు చిన్న లెక్క వేయాలి. మామూలు టికెట్ ధరలోంచి పన్నులు తీసేసి, మిగిలినదాన్ని వాళ్ళు అడిగే పాయింట్లతో భాగిస్తే, ఒక్కో పాయింటు ఎన్ని పైసలకు పోతున్నదో తేలుతుంది. టికెట్లు చవకగా ఉన్నప్పుడు పాయింట్లు వాడడం దండగ. ధర మండిపోతున్నప్పుడు, లేదా దూరదేశానికి పై తరగతి సీటు కోసం వాడితే గిట్టుబాటు. ఇక పాయింట్లు పెట్టి మిక్సీలూ బ్యాగులూ తెప్పించుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆ మాట మొహం మీదే అనేదాన్ని కూడా.

విఠల్ సేఠ్ మా ఆఫీసుకు వచ్చింది శాఖ తెరిచిన కొత్తలోనే. జరీ, లేసుల టోకు వ్యాపారం వాళ్ళది. తాతల నాటి దుకాణం. గల్లాపెట్టె దగ్గర ఈయన కూర్చుంటే, సరుకు కోసం సూరత్‌కీ ఢిల్లీకీ తిరిగేది తమ్ముడు మురళి. తల్లి చిన్నప్పుడే పోతే మురళిని పెంచింది విఠల్ సేఠ్ భార్య సుశీలమ్మ. వాళ్ళకు పిల్లలు లేరు. సేఠ్ జేబులోంచి పాయింట్ల సభ్యత్వ కార్డు తీసి నా బల్ల మీద పెట్టి, కాశీకి రెండు టికెట్లు కావాలన్నాడు.

"మావోడు నెలకోపారి ప్లేన్ల పోతడు మేడం. నేనూ మా ఇంటామె ఇంతదాంక ఎక్కలే. గిండ్లనే ఎక్కాలె. మావోడు తిరిగిన పాయింట్లతోటి."

నంబరు కొట్టి చూశాను. ఖాతా ఖాళీ. ఒక్క పాయింటు కూడా జమ కాలేదు.

ఎందుకో తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ ఇంట్లో ఏదైనా పెద్దాయన పేరు మీదే ఉంటుంది. దుకాణం, ఫోన్లు, గ్యాసు, చివరికి మురళి నడిపే స్కూటర్ కూడా. అదే అలవాటులో సభ్యత్వం కూడా విఠల్ సేఠ్ పేరు మీద తీసుకుని, మురళి టికెట్లన్నిటికీ అన్న నంబరే వేయిస్తూ వచ్చారు. విమాన సంస్థ దృష్టిలో పాయింట్లు సీట్లో కూర్చున్న మనిషివి. టికెట్ మీద ఒక పేరు, సభ్యత్వం మీద ఇంకో పేరు ఉంటే జమ కావు.

"దుకాణం ఒక్కటే, ఇల్లు ఒక్కటే. కూసునేటోడు ఎవడైతే ఏంది?" అన్నాడు సేఠ్. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక.

నేను చేయగలిగింది చేశాను. మురళి పేరు మీద కొత్త సభ్యత్వం తెరిపించాను. ఎగిరి కొద్ది నెలలే అయిన ప్రయాణాలకు బోర్డింగ్ పాసు చూపిస్తే వెనకటి పాయింట్లు అడగవచ్చు. దుకాణంలో కాగితాలన్నీ ఒక ఇనుప తీగకు గుచ్చి ఉంచుతారు కనుక పాసులు దొరికాయి, నడిమధ్య చిల్లులతో. వాటి నకళ్ళు పంపి కొన్ని పాయింట్లు రాబట్టాను. తర్వాత నామినీల సంగతి. సభ్యుడు తన పాయింట్లతో ఇతరులకు టికెట్ ఇప్పించాలంటే వాళ్ళ పేర్లు గుర్తింపు కార్డులతో సహా ముందే నమోదు చేయాలి. మురళి మొదట అన్న పేరు రాయించి, తర్వాత వదిన పేరు రాయించాడు. ఏడాది, ఏడాదిన్నర ఆగితే కాశీ ప్రయాణానికి సరిపోతాయని సేఠ్‌కు చెప్పాను. ఆయన సంతోషంగానే మెట్లు దిగాడు.

ఆ ఏడాదంతా మురళి వారానికోసారైనా మా ఆఫీసుకు వచ్చేవాడు. నలభై దాటిన మనిషి, బడిపిల్లాడిలా నేర్చుకున్నాడు. ఏ క్రెడిట్ కార్డు వాడితే పాయింట్లు ఎక్కువ వస్తాయో, అవార్డు సీట్లు ఎప్పుడు తెరుస్తారో, ఏ రోజుల్లో అసలు ఇవ్వరో అన్నీ పట్టేశాడు. నా బల్ల మీది క్యాలిక్యులేటర్ లాక్కుని తనే భాగహారం చేసి, "గిది నుక్సాన్ మేడం, వద్దు" అనేవాడు. "నా కుర్చీకే ఎసరు పెడుతున్నావు" అని ఆటపట్టించేదాన్ని. నిజం చెప్పాలంటే నాకు గర్వంగా ఉండేది. ఖాతా తెరిచి తన పేరు చూసుకున్నప్పుడల్లా అతని మొహంలో ఒక వెలుగు కనిపించేది. తన పేరు మీద ఆ ఇంట్లో ఉన్నది అదొక్కటే అన్న సంగతి నాకు తెలుసు గానీ, దాని గురించి ఆలోచించలేదు.

పాయింట్లు సరిపోయిన రోజు వచ్చింది. విఠల్ సేఠ్ భార్యను వెంటపెట్టుకుని వచ్చాడు. సుశీలమ్మ మా ఆఫీసుకు రావడం అదే మొదలు. కొత్త చీర కట్టుకుంది. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, ఆయాసపడుతూనే నన్ను పలకరించింది. సేఠ్ చేతిలో మిఠాయి డబ్బా. బజారంతా చెప్పుకుని వచ్చాడట, మా తమ్ముడు మమ్మల్ని కాశీకి ప్లేన్‌లో పంపుతుండని. మురళి అప్పటికే నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

నా ఖర్మ కొద్దీ ఆ వారమే విమాన సంస్థలు పోటీపడి ధరలు తగ్గించాయి. కాశీ టికెట్ రైల్లో ఏసీ బెర్తు కంటే కాస్తే ఎక్కువ. మురళి భాగహారం చేసి తల అడ్డంగా ఊపాడు.

"అన్నా, ఇప్పుడు పాయింట్లు పెడితే ఖాళీపీలీ వేస్ట్. దుకాణం పైసలతోటి కొందాం. పాయింట్లు అట్లనే ఉండనియ్, వెనక పెద్దదానికి పనికొస్తయ్."

సేఠ్ నా వైపు తిరిగాడు. "మీరు చెప్పుండ్రి మేడం."

"మురళి చెప్పింది కరెక్టే సేఠ్ గారూ. ఈ రేటుకు కొనుక్కుంటేనే లాభం" అన్నాను.

ఆయన నెమ్మదిగా, "దుకాణం పైసలతోటి పోవాల్నంటే నేను ఎప్పుడో పోదును గద మేడం" అన్నాడు.

ఆ మాట నేను విన్నాను. పిసినారి మాట అనుకున్నాను. పైగా లెక్క మరోసారి విడమరిచి చెప్పడం మొదలుపెట్టాను. మురళి కూడా అందుకున్నాడు. ఇద్దరం కలిసి ఆ పెద్దమనిషికి పైసల లెక్క బోధిస్తూ ఉంటే, సుశీలమ్మ ఆయన మోచేయి పట్టుకుని, "పోనియ్యుండ్రి, రైల్ల పోదాం" అంది. సేఠ్ లేస్తూ తమ్ముడితో ఒక్క మాటే అన్నాడు.

"నీ పాయింట్లు నీ దగ్గరనే పెట్టుకో."

మిఠాయి డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. సాయంత్రం స్టాఫ్ అంతా పంచుకుని తిన్నాం. నేనూ తిన్నాను.

వాళ్ళిద్దరూ రైల్లోనే కాశీ వెళ్ళొచ్చారు. మరుసటి ఏడాది దుకాణం మధ్యలో ప్లైవుడ్ గోడ లేచింది. అటు అన్న, ఇటు తమ్ముడు. వేరుపడడానికి ఇంకా కారణాలు ఉండే ఉంటాయి, ఏ ఇంటి లొల్లి ఆ ఇంటికే తెలుస్తుంది. కానీ బజారులో మాత్రం, తమ్ముడు అన్నకు పాయింట్లు ఇయ్యలేదట అన్న మాటే తిరిగింది. మురళి ఇవ్వననలేదు. లాభం చూశాడంతే. ఆ చూడడం నేర్పింది నేనే కనుక ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉండేది. ఒకసారి సేఠ్ దగ్గరకు వెళ్ళి చెప్పబోయాను. ఆయన చాయ్ తెప్పించి, మర్యాదగా వేరే సంగతులు మాట్లాడి పంపించాడు.

ఆ తర్వాత కొంతకాలానికి విమాన సంస్థ సభ్యులందరికీ ఒక కబురు పంపింది. ఫలానా తేదీ నుంచి ప్రతి అవార్డు టికెట్‌కూ ఎక్కువ పాయింట్లు కావాలని. మా వృత్తిలో దీన్ని డీవాల్యుయేషన్ అంటాం. కష్టపడి కూడబెట్టిన పాయింట్లు ఒక్క దెబ్బతో పలచబడిపోతాయి. అలాంటప్పుడు ఆ తేదీలోపు వాడేయాలని జనం ఎగబడతారు. మురళి కూడా వచ్చాడు. అతని ఖాతా నిండుగా ఉంది. సింగపూర్‌కు పై తరగతిలో కుటుంబమంతా వెళ్ళిరావచ్చు, ఇంత రేటు మళ్ళీ దొరకదని చెప్పాను. అంతా విన్నాడు.

"కాశీకి మూడు కొట్టుండ్రి మేడం. అన్నకు, వదినకు, నాకు."

అలవాటు కొద్దీ నా చెయ్యి క్యాలిక్యులేటర్ మీదకు పోయింది. అతను దాన్ని పక్కకు జరిపి, "ఇయ్యాల హిసాబ్ వద్దు" అన్నాడు. నామినీలుగా వాళ్ళ పేర్లు అట్లాగే ఉన్నాయి కనుక టికెట్లు వెంటనే ఇచ్చేశాను. అన్న టికెట్, వదిన టికెట్ అతను సుశీలమ్మ చేతికిచ్చి వచ్చాడు. సేఠ్ అవుననలేదట, కాదనలేదట.

అవార్డు టికెట్‌కు ఒక నియమం ఉంది. విమానం బయలుదేరడానికి ముందే, సంస్థ పెట్టిన గడువులోపు రద్దు చేస్తే కొంత రుసుము పట్టుకుని పాయింట్లు తిరిగి ఇస్తారు. రద్దు చేయకుండా, ఎక్కకుండా ఉంటే నో-షో అంటారు. పాయింట్లు పోయినట్టే. ప్రయాణం రోజు ఉదయం ఆఫీసుకు రాగానే మురళికి ఫోన్ చేశాను. శంషాబాద్‌లో, లోపలికి వెళ్ళే ద్వారం బయట ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"వదిన ఫోన్ జేసింది మేడం. అన్న పొద్దుగాలనే తానం జేసిండంట. బట్టలు ఏసుకున్నడంట. బ్యాగు ఒళ్ళె పెట్టుకోని మంచం మీద కూసున్నడంట. లేస్తలేడంట."

"అయితే గడువు దాటకముందే రద్దు చేస్తాను మురళీ. పాయింట్లు అయినా మిగులుతాయి" అన్నాను.

"రద్దు జేసినంక అన్న వస్తే ఎట్ల? ఉండనియ్యుండ్రి. గేటు బందయ్యేదాంక చూస్త."

గడువు దాటింది. నేను తెర ముందే కూర్చున్నాను. పక్క కౌంటర్‌లో పని ఉన్నా లేవలేదు. సంతోష్‌నగర్ నుంచి వచ్చిన ఒకాయన తన పాయింట్లకు ట్రాలీ బ్యాగు వస్తుందా అని అడుగుతుంటే, నా జన్మలో మొదటిసారి, తీసుకోండి అన్నాను. విమానం వెళ్ళిపోయాక మూడు పేర్ల ఎదుటా నో-షో అని పడింది. లోపలికి వెళ్ళే వీలున్నా మురళి వెళ్ళలేదు. ఆ తర్వాత అతను పాయింట్ల గురించి నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. నేను రిటైరయ్యేనాటికి కూడా ఆ ప్లైవుడ్ గోడ అలాగే ఉంది. విఠల్ సేఠ్ ఇంకా విమానం ఎక్కలేదు.

నా లెక్కలో తప్పు లేదు. ఈ రోజు వేసినా అంతే వస్తుంది. కానీ ఆ ఉదంతం తర్వాత, నా కింద చేరిన కొత్తవాళ్ళకు పాయింట్ల పని నేర్పేటప్పుడు వరస మార్చాను. లెక్క రెండోది. ముందు ఎదుటి మనిషిని, ఈ టికెట్ పాయింట్లతోనే ఎందుకు కావాలి అని అడగమనేదాన్ని. వాళ్ళు చెప్పే కారణం ప్రయాణం గురించి కాకుండా ఇంకో మనిషి గురించి అయితే, రేటు ఎంత దండగగా ఉన్నా ఆ రోజే టికెట్ ఇచ్చేయమనేదాన్ని. ఆ రోజు బల్ల ముందు విఠల్ సేఠ్ అడగకుండానే కారణం చెప్పాడు. లెక్క ఆపి వినడానికి నాకు అర నిమిషం పట్టేది.