దుర్గమ్మ వెనక, పైన చిన్నగా శివుడు

మా చిన్నప్పుడు... ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లోని మా రైల్వే క్వార్టర్‌లో, పొద్దున్న వర్క్‌షాప్ సైరన్ మోగేలోపు నాన్న పూజ అయిపోవాలి. వంటింటి గూట్లో దేవుడి పటాలు... ముందు సత్యనారాయణస్వామి, పక్కన ఇద్దరమ్మలతో వెంకటేశ్వరస్వామి, మధ్యలో అర్ధనారీశ్వరుడు, చివర సరస్వతి. తుడిచి పెట్టేటప్పుడు ఆ వరస మారకూడదు.

అగరొత్తి తిప్పుతూ నాన్న రోజూ అదే మాట అనేవారు.

"బ్రహ్మ భార్యని నాలిక మీద పెట్టుకున్నాడు. విష్ణుమూర్తి గుండెల మీద పెట్టుకున్నాడు. శివుడైతే ఒంట్లో సగమే ఇచ్చీసినాడు. చూసినావా అమ్మడూ!"

అమ్మ గంజి వారుస్తూ "ఊఁ" అనేది... అంతే.

అమ్మ ఒక్కతే పుట్టింటికి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. వేసవిలో అందరం కలిసి నాన్న వాళ్ళ ఊరు వెళ్ళేవాళ్ళం. తిరుగు ప్రయాణంలో పలాసలో దిగి అమ్మమ్మ దగ్గర ఒక్క పూట ఉండేవాళ్ళం. అమ్మ కాళ్ళు కడుక్కుని కూర్చునేసరికి మళ్ళీ రైలు వేళయ్యేది.

నాకు పన్నెండేళ్ళప్పుడు, దసరా ముందు, పలాస నుంచి వచ్చిన చుట్టం కబురు తెచ్చాడు. అమ్మమ్మకి కంటి ఆపరేషన్ చేస్తారట.

"ఏటండీ... ఓసారి ఎల్లొస్తాను. అమ్మ నన్నే అడుగుతన్నాదంట," అంది అమ్మ.

నాన్న నవ్వేశారు. "సగం ఒళ్ళు అక్కడ, సగం ఇక్కడ... ఎలాగే? అక్కడ మీ వదినుంది కదా చూసుకోడానికి. ఎండాకాలం అందరం ఎల్దాంలే."

అమ్మ నవ్వలేదు. చీపురు తీసి, అప్పటికే ఊడ్చిన గదిని మళ్ళీ ఊడ్చింది.

అష్టమి సాయంత్రం క్వార్టర్ల మధ్య వేసిన దుర్గాపూజ పందిరికి అందరం వెళ్ళాం. పక్క క్వార్టర్‌లో ఒక బెంగాలీ పెద్దావిడ ఉండేది. పిల్లలమంతా ఠాకుమా అనేవాళ్ళం, అంటే నాయనమ్మ. తెలుగువాళ్ళ మధ్యే జుట్టు నెరిసిన మనిషి, మూడు భాషలూ కలిపి మాట్లాడేది. ఆ రోజు అమ్మవారి ముందే కూర్చుని ప్రసాదంగా భోగ్ ఖిచిడీ పంచుతోంది.

నేను బొమ్మలన్నీ చూశాను. మధ్యలో దుర్గమ్మ... అటూ ఇటూ లక్ష్మి, సరస్వతి, వినాయకుడు, కుమారస్వామి.

"నాన్నా, శివుడేడీ?"

"అదే కదా! పిల్లలందర్నీ తెచ్చుకుంది, ఆయన్నేటి వదిలీసింది?" అన్నారు నాన్న.

ఠాకుమా గరిటె పైకెత్తి చూపించింది. అమ్మవారి వెనక రంగుల బొమ్మలు వేసిన కమాను... దాని మీద అన్నిటికన్నా పైన, అరచేయంత శివుడు.

"అదిగో, శిబ్ ఠాకుర్. దుర్గా మా బాపేర్ బారీ వచ్చింది... పుట్టిల్లు! ఏడాదికి ఒకసారి. ఆయన కిందకి రాడు. పైన కూర్చుని చూస్తాడు, ఎప్పుడొస్తాదని."

అమ్మ తలెత్తి చాలాసేపు చూసింది. తర్వాత మెల్లిగా అడిగింది.

"పంపిస్తాడా, ఠాకుమా? ఒంట్లో సగం కదా..."

"సగం కాబట్టే పంపిస్తాడు. సగం ఏడుస్తే, మిగతా సగం ఎలా నవ్వుతుంది?" అని, ఠాకుమా గరిటె నాన్న వైపు తిప్పింది. "కీ గో రావుబాబు! శిబ్ ఠాకుర్ పంపిస్తాడు, నువ్వు పంపవా? ఆయన కన్నా బడా దేవుడివా నువ్వు?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. క్వార్టర్ల గోడలు పల్చన... మా ఇంటి మాట ఆవిడ చెవిన ముందే పడి ఉంటుంది. నాన్న దొన్నెలో ఖిచిడీ గబగబా తినేశారు.

దశమి నాడు బెంగాలీ ఆడవాళ్ళు అమ్మవారి ముఖం తమలపాకుతో తుడిచి, నోటికి మిఠాయి అందించి, మళ్ళీ రమ్మని చెవిలో చెప్పి సాగనంపుతారు. ఆ ఏడాది మా అమ్మ కూడా పీట ఎక్కి మిఠాయి అందించింది. దిగేటప్పుడు కళ్ళు తుడుచుకుంది. నాన్న దూరం నుంచి చూశారు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అన్నారు. "ఆఫీసు తెరవగానే రైలు పాస్ రాయిస్తాను. మీ అమ్మకి కంటి కట్టు విప్పినదాకా ఉండి రా."

"మరి మీకు అన్నం?"

"నేనే వండుకుంటాను."

"మీరే!" అంది అమ్మ.

"ఠీక్ హై, ఠీక్ హై... నవ్వకు."

అమ్మ తమ్ముణ్ణి తీసుకుని వెళ్ళింది. నేను నాన్నకి తోడుగా ఉన్నాను. అన్నం ఒకరోజు ముద్ద, ఒకరోజు పలుకు... ఎలా ఉన్నా నాన్న "బాగుంది" అనే తిన్నారు.

అమ్మ వెళ్ళిన మర్నాడు పొద్దున్న నాన్న అగరొత్తి వెలిగించారు. "బ్రహ్మ నాలిక మీద పెట్టుకున్నాడు, విష్ణుమూర్తి గుండెల మీద పెట్టుకున్నాడు, శివుడైతే..."

అక్కడ ఆగిపోయారు. అర్ధనారీశ్వరుడి పటం తీసి, కండువాతో తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టారు. అమ్మ తిరిగొచ్చేదాకా ఆ మూడో మాట మా ఇంట్లో వినబడలేదు.

అమ్మ వచ్చే రోజు, రైలు ఇంకా ఒడిశాలో ఉండగానే మేం ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. అమ్మ జీడిపప్పు సంచితో దిగింది. అమ్మమ్మకి చూపు వచ్చిందట... అమ్మ ముఖం తడిమి, "నల్లబడిపోయినావే" అందట. చెప్తూ చెప్తూ అమ్మ నాన్నని చూసి ఆగింది.

"ఏటి, ఇలా చిక్కిపోయినారు?"

"సగమే మిగిల్చి ఎల్నావు కదే మరి," అన్నారు నాన్న, సంచి అందుకుంటూ.

ఏళ్ళ తరబడి ఆ మాటకి "ఊఁ" అని ఊరుకున్న అమ్మ... ఆ రోజు కూలీలు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది.

ఆ తర్వాత ఏటా దసరా వెళ్ళగానే అమ్మ పలాస రైలెక్కేది. నాన్న పూజలో ఆ మూడో మాట దగ్గర ఏటా కొన్నాళ్ళు ఆగేవారు.

ఇప్పుడు నేనూ మావారూ ఖరగ్‌పూర్‌లోనే పూరీ గేట్ వైపు ఉంటున్నాం. మొన్న పూజల్లో ఓ పెద్ద పందిరికి వెళ్ళాను... రంగురంగుల లైట్లు, కొత్త రకం అలంకారం. అలవాటు కొద్దీ అమ్మవారి వెనక పైకి చూశాను. శివుడు లేడు. నాన్న రిటైరయ్యాక అమ్మానాన్నలు సొంతూరు వెళ్ళిపోయారు. నేనూ పుట్టింటికి వెళ్తుంటాను... రైలు బాలాసోర్ దాటకముందే "పంచదార డబ్బా ఎక్కడుంది" అని మావారి వీడియో కాల్. వెళ్ళినట్టూ ఉండదు, ఒకరు ఎదురుచూసినట్టూ ఉండదు...

మీ అమ్మ పుట్టింటికి వెళ్తే, ఇంట్లో మిగిలిన ఆ శివుడు ఏం వండుకునేవారు, ఏ మాట దగ్గర ఆగిపోయేవారు? గుర్తుంటే కింద రాయండి... తీరిగ్గా చదువుకుంటాను.