అట్టలాయన చదివిన దేవుడు

అట్టలాయనకున్న జబ్బు ఒక్కటే. హీబ్రూ లేఖనాల్లోని, అంటే బైబిలు పాత నిబంధనలోని, దేవుణ్ణి ఆయన నవలలో పాత్రను చదివినట్టు చదివేవాడు. నమ్మకం మాట అడిగితే, "అది నాకూ ఆయనకూ మధ్య సంగతి" అని తప్పుకునేవాడు.

పుస్తకాలకు అట్టలు వేయడం ఆయన వృత్తి. ఏ పుస్తకమైనా మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివితే గాని సూది పట్టడు. ఎవరైనా పాత నిబంధన తెచ్చారంటే మాత్రం ఆ నెల భార్యకు ముద్ద దిగేది కాదు.

"ఈయన మళ్ళీ మాట మార్చాడు," అనేవాడు చెయ్యి కడుక్కుంటూ.

"ఎవరండీ, కరెంటు మేస్త్రీనా?"

"దేవుడు. మనుషుల్ని చేసినందుకు నొచ్చుకుని లోకాన్నంతా ముంచేశాడు. ముంచాక ఇంకెప్పుడూ ముంచనన్నాడు. అంత పెద్దవాడికి అంత తొందరేమిటి చెప్పు."

"అన్నం చల్లారుతోంది. ముందు మీరు తొందరపడండి."

ఒకసారి పాదిరిగారు పాటల పుస్తకం తీసుకెళ్ళడానికొస్తే, "మీ కథానాయకుడు పోను పోను మాట్లాడటం తగ్గించేశాడు, గమనించారా? మొదట్లో తోటలో సాయంత్రాలు తిరిగినవాడు!" అన్నాడు. పాదిరిగారు గొడుగు మరిచిపోయి వెళ్ళారు. దానికోసం రావడానికి ఆయనకు నాలుగు రోజులు పట్టింది, అది కూడా వాన పడితే.

అలాంటి మనిషి దగ్గరికి పక్కింటి దర్జీ తాతలనాటి బైబిలు గ్రంథం అట్ట ఊడిందని తెచ్చాడు. ఆ రోజుల్లో దర్జీకి కూతురితో మాటల్లేవు. ఎక్కడో చలి ఊళ్ళో నర్సు ఉద్యోగమొచ్చింది ఆ పిల్లకు. వద్దంటే వినలేదు. "గడప దాటితే మళ్ళీ నా గుమ్మం తొక్కకు" అనేశాడు తండ్రి. శనివారం ఆమె రైలు. ఈలోగా ఒక మంచిమాట లేకపోతే ఆ పిల్ల ఇక రాదని వీధంతటికీ తెలుసు. దర్జీతో ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేదు.

దర్జీ రోజూ వచ్చేవాడు. "అయిందా అన్నయ్యా?"

"జిగురు ఆరలేదు తమ్ముడూ. కూర్చో." కూర్చోబెట్టి దేవుడి స్వభావం మొదలుపెట్టేవాడు.

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది మీ వరస," అని భార్య విసుక్కునేది.

రైలుకు రెండు రోజుల ముందు, గురువారం, దర్జీ తనే మాట కదిలించాడు. "దేవుడంతటివాడే మొదటి ఇద్దర్నీ తోటలోంచి గెంటేశాడు. మాట విననివాళ్ళకి అంతే."

"గెంటాడు," అని ఒప్పుకున్నాడు అట్టలాయన. "గెంటేముందు వాళ్ళకి తోలుబట్టలు చేసిపెట్టాడు. చదవలేదా?"

"ఎవరు?"

"ఆయనే. వెలుగును నోటిమాటతో పుట్టించినవాడు, బట్టల దగ్గరికొచ్చేసరికి కూర్చుని కుట్టి ఉంటాడు. కోపం తగ్గలేదు, పొమ్మన్న మాటా మార్చలేదు. బయట చలి అని మాత్రం మరవలేదు. నాకు ఆయన బాగా దగ్గరైంది ఆ ఒక్క పూటే."

దర్జీ లేచి వెళ్ళిపోయాడు. గ్రంథం ఊసెత్తలేదు.

"ఉన్న కాస్త స్నేహమూ చెడగొట్టుకున్నారు," అంటూ భార్య దుప్పటి కోసం బీరువా తెరిచింది. దుప్పట్ల కింద ఆ గ్రంథం కొత్త అట్టతో, కాగితం చుట్టి ఉంది.

"ఇదెప్పుడు పూర్తయింది?"

"పది రోజులైంది. ఇచ్చేస్తే ఇక ఎందుకొస్తాడు? వాడి సంగతి వాడితో చెబితే కొడతాడు. దేవుడి మీద పెట్టి చెబితే వింటాడు."

ఆవిడ గ్రంథాన్ని మళ్ళీ దుప్పట్ల కిందే పెట్టి బీరువా మూసింది.

శుక్రవారం పొద్దున్నే దర్జీ వచ్చాడు. మెడలో టేపు, చంకలో ముదురు నీలం ఉన్నిగుడ్డ. నేల చూస్తూ అన్నాడు.

"వదినా, మా అమ్మాయి భుజాలూ మీ కొలతే. ఒక్క నిమిషం నిలబడతారా?"

"ఇంట్లోనే ఉందిగా. దాన్నే కొలవచ్చుగా?"

"మాట్లాడటం లేదుగా."

ఆవిడ నవ్వు ఆపుకుని చేతులు చాచింది. దర్జీ భుజాలు కొలిచాడు, నమ్మకం చాలక మళ్ళీ కొలిచాడు.

"కోటుకు మెడదాకా బొత్తాలు పెట్టనా అన్నయ్యా?"

"పెట్టు," అన్నాడు అట్టలాయన, సూది మీంచి చూపు తిప్పకుండా. "లోపల జేబు కూడా పెట్టు. ఆయన పెట్టాడో లేదో రాయలేదు. నువ్వైనా పెట్టు."