గట్టిగా చెప్పమ్మా

మా గుడికి వచ్చే పెద్ద ఫాదర్‌కు చెవులు సరిగా వినపడవు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. నా బతుకు బజారున పడిందీ, మళ్లీ ఇంటికి చేరిందీ దానివల్లే.

మాది గోరంట్ల వైపు ఒక పల్లె. గుడి చిన్నది, పాపసంకీర్తనానికి వేరే గది లేదు. ఈస్టర్‌కు ముందు వారం ఫాదర్ వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. పక్కన మోకరించి మన పాపాలు చెప్పుకోవాలి. గుసగుసగా మొదలుపెడతామా, ఆయన చెవి మిషన్ సరిచేసుకుంటూ "గట్టిగా చెప్పమ్మా" అంటారు. గట్టిగా చెబితే వరసలో ఉన్న అందరికీ వినబడుతుంది. అందుకని మా ఊళ్లో ఒక పద్ధతి పుట్టింది. ఒకరు చెప్పుకుంటున్నంతసేపూ మిగతావాళ్లు గొంతెత్తి పాటలు పాడతారు. ఒకటీ అరా మాట చెవిన పడినా ఎవరూ బయట అనరు. పాట ఎత్తుకునేది మా అక్క. అక్కంటే నా తోడికోడలు, మా ఆయన అన్న భార్య. కంచు గొంతు.

ఆ అక్కకే నేను ద్రోహం చేశాను.

మొదలైంది ఓళిగల దగ్గర, అదే బొబ్బట్ల దగ్గర. గుడి పండుగకు నేను చేసిన ఓళిగను చేతిలోకి తీసుకుని, అందరి ముందూ, "ఏమే, ఇది ఓళిగనా, రొట్టెనా?" అంది. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నా కోపం సంగతి మా ఇంట్లో గిన్నెలకు బాగా తెలుసు. ఆమెతో మాట్లాడటం మానేశాను. ఆ వారంలోనే ఆమె ఆవు తాడు తెంపుకుని మా చేనిలో పడింది. ఆ ఏడు వాన మొహం చాటేసింది. జొన్న మోకాలెత్తు కూడా లేవకుండా గిడసబారి నిలిచింది. అలాంటి జొన్న మేస్తే పశువుకు విషమని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను గట్టు మీదే ఉన్నాను. ఒక్క కేక వేస్తే చాలు. మేయనీ, తర్వాత పోయి ఆమెను దులిపేద్దాం అనుకున్నాను. విషం సంగతి అప్పుడు గుర్తు రాలేదని చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. గుర్తొచ్చింది. వచ్చాక కూడా కాసేపు నోరు తెరవలేదు. పరుగెత్తి తోలేసరికి ఆలస్యమైంది. ఆవు ఇల్లు చేరకముందే దారిలో పడిపోయింది.

అక్క దాని మెడ పట్టుకుని ఏడుస్తుంటే, "పామును చూసినానక్కా, అదే కరిచింటాది" అన్నాను. నమ్మింది.

పూజలో ఫాదర్ అందించే అప్పం, సత్ప్రసాదం, పాపం చెప్పుకోనిదే తీసుకోకూడదు. ఆ పాపం చెప్పుకోలేక మూడేళ్లు నేను తీసుకోలేదు. అందరూ లేచి వరసలో పోతుంటే నేను చాప మీదే కూర్చునేదాన్ని. మోకాళ్ల నొప్పులని ఒకసారి, తల తిరుగుతోందని ఒకసారి. ఈ ఈస్టర్‌కు మా అమ్మాయి మొదటి సత్ప్రసాదం. తెల్ల గౌనుకు కొలతలు తీస్తుంటే, "నువ్వు కూడా నాతో వస్తావు కదమ్మా? అందరి అమ్మలూ వస్తారంట" అంది. ఏం చెప్పను ఆ పిల్లకు?

సరే, పోయాను. తెలివైనదాన్ని కదా, అందరినీ ముందు పోనిచ్చి చివర నిలబడ్డాను. వరస తరిగేకొద్దీ పాట కూడా తరిగిపోతుందని నా మట్టిబుర్రకు తట్టలేదు. చెప్పుకున్నవాళ్లు చెప్పుకున్నట్టే ఇళ్లకు పోయారు. నేను మోకరించేసరికి వాకిట్లో పాడుతున్నది అక్క ఒక్కతే. లేచి పారిపోదామనుకున్నాను. మోకాళ్లు నిజంగానే లేవలేదు.

"గట్టిగా చెప్పమ్మా."

చెప్పాను. "మా అక్క ఆవు జొన్నలో పడి మేస్తాంటే చూస్తా నిలబడినా ఫాదర్. తోలలేదు. పాము కరిచిందని అబద్ధం చెప్పినా."

పాట ఆగిపోయింది.

ఫాదర్‌కు అదేమీ తెలియదు. "ఇంకా ఏమైనా ఉందా అమ్మా?" అన్నారు. అప్పుడు వాకిట్లోంచి పాట మళ్లీ లేచింది. మొదటి నుంచి, వణుకుతూ, ఎన్నడూ లేనంత గట్టిగా. మిగిలింది తన చెవిన పడకూడదని పాడుతోంది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఫాదర్ నా తల మీద చెయ్యి పెట్టి పాపమన్నింపు ఇచ్చారు. "ఆమె దగ్గరికి పోయి నీ నోటితో చెప్పు, అదే నీకు ప్రాయశ్చిత్తం" అన్నారు.

బయటికి వస్తే అక్క చాపలు చుడుతోంది. నా వైపు చూడలేదు.

"అక్కా..."

"నాకేం ఇనపడలే. పాట పాడతాంటి." కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇనపడినా, ఇనపడకున్యా నేను చెప్పాల."

చాప రెండో కొస పట్టుకుని అంతా మళ్లీ చెప్పాను. ఈసారి గట్టిగా చెప్పాల్సిన పని లేకపోయింది. అక్క చాపను చివరిదాకా చుట్టింది. తర్వాత ఒక్కసారిగా అందుకుంది.

"మూడేండ్లాయె! నువ్వు సత్ప్రసాదానికి లెయ్యకుండా ఆ మూల కూచోనుంటే, నా చెల్లెలికి ఏం కష్టమొచ్చిందో తండ్రీ అని దినామూ జపమాల చెప్తాండా. దినామూ! నా ఆవును చంపినదాని కోసరం!"

తల ఎత్తలేకపోయాను. "కొట్టక్కా" అన్నాను.

"కోపం యాడికీ పోల్యా. పోయినప్పుడు చెప్తాలే." చుట్టిన చాప నా చేతుల్లో పెట్టింది. "చెప్పిన జపమాలలు మాత్రం ఎనక్కి తీసుకోను. ఆదివారం బిడ్డతోపాటు లెయ్యి."

ఆదివారం పూజలో మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని లేచింది. నేనూ లేచాను. పాట ఎత్తుకోవాల్సిన అక్క నన్ను చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఎవరో ఒకరు పాడాలి కదా అని నేనే ఎత్తుకున్నాను. నాకు రాగమూ రాదు, తాళమూ రాదు.

పూజ అయ్యాక గుడి ముందర, అందరి ముందూ, అక్క నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది.

"ఏమే, అది పాటనా, అరుపా?"

అందరూ నవ్వారు. నేను ఆమె మెడ పట్టుకుని ఏడ్చాను.