నా కార్డు మీద ఆయన చదివిన పుస్తకాలు

నగరిలో మా శాఖా గ్రంథాలయం సారు పోయారని తమ్ముడి ఉత్తరం అందేసరికి కర్మంతరం కూడా అయిపోయింది. ఉద్యోగమంటూ తిరుపతి చేరిన నేను ఆరేళ్ళుగా ఆ గ్రంథాలయం గడప తొక్కలేదు. ఇప్పుడు ఏడిస్తే ఎవరికి కావాలి?

నా చిన్నప్పుడు అక్కడ సభ్యత్వానికి సొంతిల్లు ఉన్నవాళ్ళెవరైనా పూచీ సంతకం పెట్టాలి. మాది అద్దె ఇల్లు, నాయనది కూలి మగ్గం. "ఆడపిల్లకి కతల పుస్తకాలు దేనికి సారూ?" అన్నాడు నాయన. సారు సభ్యత్వ కాగితం మీద పూచీగా తన సంతకమే పెట్టారు. "పుస్తకం పోతే నేనుండాను. నువ్వు సదువుకో పాపా" అన్నారు నాతో.

సాయంత్రం మగ్గాలు ఆగగానే గ్రంథాలయంలో జనం వరుస కట్టేవాళ్ళు. పాత పుస్తకంలో ఏముందో చెబితేనే సారు కొత్తది ఇచ్చేవారు. చెప్పలేకపోతే అదే మళ్ళీ చేతిలో పెట్టేవారు. నాకూ రెండుసార్లు జరిగింది ఆ మర్యాద.

తర్వాత మరమగ్గాలు వచ్చాయి, వాటికి సాయంత్రమంటూ లేదు. టీవీలు వచ్చాయి. పుస్తకాలు తీసుకునేవాళ్ళు తగ్గితే శాఖ ఎత్తేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. అప్పుడు సారు చేసిన పని, కిందటేడు బస్టాండులో కనబడినప్పుడు ఆయనే చెప్పారు. రావడం మానేసిన సభ్యుల కార్డుల మీద తనే పుస్తకాలు తీసుకుంటున్నారట. నా కార్డు మీద కూడా.

"దొంగ లెక్క కాదా సారూ?" అన్నాను.

"దొంగ లెక్క యాడిది పాపా? రాసుకున్న ప్రతి పుస్తకమూ సదివినాకే వాపసు పెడతా ఉండాను. కండ్లు ఆనవు గానీ, మీ అందరి సదువూ నేనొక్కడినే సదవాల గదా."

ఆయన నవ్వారు. నాకు సిగ్గేసింది. వచ్చే నెల తప్పకుండా వస్తానన్నాను. వెళ్ళలేదు.

మీలో ఎవరికైనా అప్పట్లో అక్కడ కార్డు ఉండి, మానేసి ఉంటే, మీ పేరు మీద కూడా ఆయన చదివే ఉంటారు.

పోయిన నెల వెళ్ళాను. గ్రంథాలయానికి తాళం, బోర్డు తీసేసిన చోట మేకులు. సారు ఇంటికి వెళితే ఆయన భార్య ఒక పుస్తకం తెచ్చి ఇచ్చింది. "నీ పేరు మీద తెచ్చుకున్నారు పాపా. సగమే సదివినారు."

గడువు దాటిపోయింది. తిరిగి ఇవ్వడానికి చోటు లేదు, పూచీ పడిన మనిషీ లేడు. ఆయన ఆపిన పేజీలో గుర్తుగా ఎర్రటి నూలు పోగు ఉంది. రోజూ మొదటినుంచి చదువుతాను. ఆ పోగు దగ్గరికి వచ్చాక పుస్తకం మూసేస్తాను.