పంతొమ్మిది సంఘటనలు, ఒక నీలం కారు

కారుకి బీమా చేయించుకుందామని వెళ్ళి, బీమా ఆఫీసులో గుమాస్తాలంతా టీ గ్లాసులు బల్లమీద వదిలేసి తన చుట్టూ మూగేలా చేసుకున్న మనిషి, నాకు తెలిసి, విశాఖపట్నంలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కణ్ణీ నేనే. నన్నెవరూ మోసం చెయ్యలేదు. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. అదీ స్కేలు పెట్టి, కొలతలు రెండుసార్లు సరిచూసుకుని మరీ.

ఎనభైల్లో మాట. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. గాజువాక అవతల ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులు. అక్కడ ఒక కాంట్రాక్టు కంపెనీలో వెల్డింగు అతుకులు తనిఖీ చెయ్యడం నా పని. వెంట్రుకవాసి పగులు కనబడినా రాసెయ్యాలి. ఎక్కడ వచ్చింది, ఎంత పొడవు, ఎందుకొచ్చింది, ఏం చెయ్యాలి: మొత్తం నాలుగు గళ్ళు. మూడేళ్ళయ్యేసరికి ఆ గళ్ళు నా బుర్రలో అచ్చుపడిపోయాయి. ఇంట్లో ఇడ్లీ విరిగినా మూలకారణం వెతికేవాణ్ణి. మా ఆవిడ ఆ రోజుల్లో ఇడ్లీలు పెట్టడం తగ్గించేసింది.

ఆ కంపెనీ నాకు కారిచ్చింది. పెట్రోలు వాళ్ళది, రిపేర్లు వాళ్ళవి, బీమా వాళ్ళది. హారను మాత్రం నాది. అల్లుడికి అత్తారింట్లో జరిగినట్టు జరిగిపోయింది మూడేళ్ళు.

అంతలో ఒక చిన్న సంస్థలో ఇంతకంటే పెద్ద ఉద్యోగం వచ్చింది. దువ్వాడ నుంచి హార్బరు దాకా రోజూ తిరిగి తనిఖీలు చెయ్యాలి. ఉత్తరంలో ఒకే ఒక్క షరతు: బీమా ఉన్న సొంత కారుతో సోమవారం ఉదయం హాజరు కావాలి, లేకపోతే ఉద్యోగం రెండో అభ్యర్థికి వెళ్ళిపోతుంది. నేను పాత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాను. కంపెనీ కారు అప్పజెప్పేశాను. దాచుకున్నదంతా పెట్టి ఒక కళ్ళ డాక్టరు గారి దగ్గర లేత నీలం కారొకటి కొన్నాను. దాని పాత బీమా గడువు తీరిపోయింది. కొత్త బీమాకి చేతిలో మిగిలింది బొటాబొటీ. అంటే ఇంటిముందు కారుంది, ఎదురుగా సోమవారముంది, మధ్యలో బీమా లేదు.

చవగ్గా ఎవరిస్తారో కనుక్కోవాలి కదా! నేను టెండర్లు చూసిన మనిషిని. తెల్లకాగితం మీద పట్టిక గీసుకుని, ఊళ్ళో ఉన్న నాలుగు బీమా ఆఫీసులకీ ఎండలో బస్సులెక్కి తిరిగాను. నాలుగు చోట్లా పైసా తేడా లేకుండా ఒకటే అంకె చెప్పారు. నాలుగూ సర్కారు కంపెనీలే, రేట్ల పుస్తకం నలుగురికీ ఒకటేనని నాలుగో ఆఫీసు బయట సోడా కొట్టువాడు చెప్పాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. నేను నాలుగు కొండలు తవ్వి ఒకే ఎలుకను నాలుగుసార్లు పట్టాను.

ఆ నాలుగో ఆఫీసులోనే జయరాజు గారని ఒక ఆఫీసరున్నారు. తెల్ల చొక్కా, నిదానమైన మాట. నా పట్టిక చూసి జాలిపడ్డారు.

"రేటు తగ్గదు బాబూ. అయితే మూడేళ్ళు క్లెయిము చెయ్యకుండా నడిపినవాళ్ళకి రాయితీ ఉంది."

"నేను చెయ్యలేదండీ! మూడేళ్ళు కంపెనీ కారు నడిపాను. ఒక్క క్లెయిము లేదు."

"అది కంపెనీ కారు. రాయితీ కంపెనీదవుతుంది."

"నడిపింది నేను కదండీ! జాగ్రత్త నాది, రాయితీ వాళ్ళదా?"

ఆయన నవ్వి, "మీ పాత కంపెనీ నుంచి ఉత్తరం తీసుకురండి. పై ఆఫీసరుకి నేను చెప్తాను. ఒక్క వాక్యం చాలు," అన్నారు.

ఒక్క వాక్యం చాలు. పాఠకులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలని మనవి. నేను పెట్టుకోలేదు.

మర్నాడే పాత కంపెనీకి వెళ్ళాను. వాళ్ళు పాపం మంచివాళ్ళు. 'ఇతను నడిపిన కారు మీద మూడేళ్ళలో ఏ క్లెయిమూ లేదు' అని ముద్రేసి ఇచ్చారు. దాన్ని తీసుకెళ్ళి ఇచ్చేస్తే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఆ సాయంత్రం దాన్ని చూస్తే నాకు వెలితిగా అనిపించింది. ఆధారాలేవి? వివరాలేవి? ఇలాంటి రిపోర్టు మా సైటులో ఎవడైనా ఇస్తే నేను వెనక్కి కొట్టేవాణ్ణి.

నా సొంత డైరీ తీశాను. మూడేళ్ళలో ఆ కారుకి తగిలిన ప్రతి గీతా అందులో ఉంది. అన్నీ చిన్నవే. సైటులో ఫిట్టరు సుత్తితో సరిచేసినవే. అందుకే క్లెయిముల దాకా వెళ్ళలేదు. అన్నిటినీ నాలుగు గళ్ళలో ఎక్కించడం మొదలుపెట్టాను.

అప్పుడే మా బావ అప్పలరాజు వచ్చాడు. మా ఆవిడకి అన్నయ్య, పోర్టులో క్రేను ఆపరేటరు. వెనక నుంచి వంగి చూశాడు.

"ఏటి బావా, ఏటి సేత్తన్నావు?"

"బీమా వాళ్ళకి రిపోర్టు."

"ఆలేటి అడిగారు?"

"ఉత్తరం."

"ఉత్తరం ఉంది కదేటి మరి! అదిచ్చీసి వచ్చీ. ఇదెందుకు?"

"పారదర్శకత బావా. దాచకుండా అన్నీ చెబితే నమ్మకం కలుగుతుంది."

అప్పలరాజు ఒక కాగితం తీసి చదివి, మా ఆవిడ కేసి తిరిగాడు. "సెల్లే, మీ ఆయనకి జొరమేటైనా ఉందేమో సూడు. నాను సెప్తన్నాను బావా, ఒగ్గీ. అడగని మాట సెప్పకు."

"క్రేను నడపడం వేరు, రిపోర్టు రాయడం వేరు," అన్నాను. అతను టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. నేను ఎవరూ అడక్కముందే భుజాలకి డ్రాయింగు గీసి, మూడు కాపీలు తీసి, పిన్ను కొట్టి పట్టుకెళ్ళాను.

శుక్రవారం మధ్యాహ్నం. జయరాజు గారు ముందు కంపెనీ ఉత్తరం చదివారు. "బాగుంది, రాయితీ వచ్చేస్తుంది," అని సంతకానికి పెన్ను మూత తీశారు. "ఇదేమిటి, ఈ పదకొండు పేజీలు?"

"అనుబంధమండీ. నా డ్రైవింగు చరిత్ర."

ఆయన మొదటి పేజీ తిప్పారు. పెన్ను మూత మళ్ళీ పెట్టేశారు. తరవాత చాలా ప్రశాంతంగా, చర్చిలో వాక్యం చదివినట్టు, పైకి చదవడం మొదలుపెట్టారు.

"ఒకటి. పూర్ణా మార్కెట్ దగ్గర కారు వెనక్కి తీస్తుండగా అరటిగెలల బండికి బంపరు ఆనింది. నష్టం: ఒక గెల. తీసుకున్న చర్య: గెల కొని తినడమైనది."

పక్క బల్ల గుమాస్తా తలెత్తాడు.

"ఏడు. దువ్వాడ రైల్వే గేటు. గేటు మూసి ఉన్నట్టు గమనించాను. మూలకారణం: గమనించడంలో ఆలస్యం."

ఇద్దరు లేచి వచ్చారు.

"పన్నెండు. ఆగి ఉన్న కారును ఒక ఎద్దు పొడిచింది. బాధ్యత: ఎద్దుది. పదమూడు. అదే ఎద్దు. బాధ్యత: నాది." ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "పదమూడులో ఏం జరిగింది బాబూ?"

"పన్నెండు తరవాత కోపం వచ్చి హారను కొట్టానండీ."

ఇక ఆఫీసులో ఫైళ్ళు మూతపడ్డాయి. క్యాషియరు జాలీ వెనక నుంచి "కాస్త గట్టిగా చదవండి సార్, ఇక్కడికి వినబడ్డం లేదు," అన్నాడు.

పంతొమ్మిదీ అయ్యాక జయరాజు గారు కళ్ళు తుడుచుకున్నారు. "క్లెయిములు లేవు, నిజమే. కానీ ప్రమాదాలు పంతొమ్మిది."

"ప్రమాదాలు కావండీ, సంఘటనలు."

"సంఘటనలంటే ఏటండీ, పెళ్ళిళ్ళా?" అన్నాడు పక్క బల్ల గుమాస్తా.

"అది వెనక్కి ఇచ్చెయ్యండి సార్, ఉత్తరం ఒక్కటే ఉంచుకోండి," అని బతిమాలాను. నోరు జారితే ఏదో సర్దుకోవచ్చు. మూడు కాపీలు తీసి సంతకం పెట్టింది జారితే సర్దుకోలేం.

"ఆఫీసంతా విన్నాక నాకు తెలీదనలేను కదా," అన్నారాయన. "రాయితీ లేదు. మీ కారుకి దెబ్బ తగిలితే డబ్బిచ్చే పూర్తి బీమా కూడా ఇవ్వలేను. చట్ట ప్రకారం ఇవ్వక తప్పనిది ఒకటుంది. మీ కారు వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి. అది ఇస్తాను."

"అంటే నాకేమీ రాదా?"

"మీకు రాదు. మీ నుంచి ఊరికి రక్షణ వస్తుంది."

అన్నిట్లోకీ అదే చవకట. నేను వెతికింది చవకైన బీమానే కాబట్టి ఫిర్యాదు చెయ్యడానికి కూడా ఏమీ మిగల్లేదు. సాయంత్రానికి పాలసీ చేతికొచ్చింది. మీరు చెప్పిన విషయాలు పాలసీలో భాగమవుతాయంటూ నా పదకొండు పేజీలూ దానికే కలిపి కుట్టేశారు.

సోమవారం ఉదయం కొత్త ఆఫీసులో మేనేజరు గారు పాలసీ అడిగారు. మొదటి పేజీ చూసి పక్కన పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు. పన్నెండో పేజీ దాకా, ఎక్కడా నవ్వకుండా చదివారు. నేను నుంచునే ఉన్నాను. రెండో అభ్యర్థి ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాను.

"ఇది మీరే రాశారా?"

"అవునండీ."

"ఎవరైనా అడిగారా?"

"లేదండీ."

"నా సర్వీసులో ఇంత నిజాయితీగా రాసిన తనిఖీ రిపోర్టు చూడలేదు," అన్నారు. "ఉద్యోగం మీదే. ఈ రోజు నుంచే చేరండి."

నా గుండె ఉప్పొంగింది. థాంక్స్ చెప్పి, కారు దగ్గరికి గాలిలో తేలుతూ వెళ్ళాను. డ్రైవరు సీట్లో ఖాకీ చొక్కా వేసుకున్న ఒక నడివయసు మనిషి కూర్చుని అద్దం సర్దుకుంటున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? ఇది నా కారు!"

"తెల్సు బాబూ. నాను సింహాచలాన్ని, కంపెనీ డ్రైవర్ని. మీ కారు ఇకమీద నానే తోల్తాను. మేనేజరు గారు ఇప్పుడే గేటుకి ఫోను సేసి సెప్పారు."

సరే, మంచిదేననుకుని ముందు తలుపు తీశాను. సింహాచలం చేత్తో ఆపేశాడు.

"ముందొద్దు బాబూ, ఎనక్కూకోండి. హారను మీ సేతికి అందకూడదన్నారు."

ఆ సంస్థలో ఆరేళ్ళు పనిచేశాను. ఆ ఆరేళ్ళూ నా సొంత కారు వెనక సీట్లో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళికొడుకులా ఊరేగాను. అందుచేత ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా: ఇకపై ఏ ఆఫీసులో ఏ అధికారి ఏది అడిగినా, అవును, కాదు అన్న రెండు మాటలు తప్ప మూడోది నా నోట రాదు. మా ఊరి సముద్రం సాక్షి. అనుమానమున్నవాళ్ళు మా అప్పలరాజు బావనడగండి. నన్ను మాత్రం అడగొద్దు, వివరంగా చెప్పేస్తాను.